ఆంగ్లేయుల కాలపు జైలరు

బెంగళూరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, రామనగర బండరాళ్ల మధ్య అధికభాగం చిత్రీకరణ జరుపుకొని, 1975 ఆగస్టు 15న విడుదలైన ‘షోలే’ సినిమాలో నటుడు అస్రానీ పోషించిన జైలరు, తాను ఆంగ్లేయుల కాలంనాటి వాడినని గొప్పలు పోతూ, సిపాయిల్లో సగంమందిని ఒకవైపు, సగంమందిని మరొకవైపు పంపి, మిగిలినవారిని తన వెంట రమ్మంటాడు. మిమిక్రీ కళాకారులు టీవీ తెరపై పదే పదే అనుకరించిన ఈ పాత్రలో నవ్వులపాలయ్యేది, దొరలు వెళ్లిపోయినా దొరతనాన్నే తన ప్రతిష్ఠకు మూలమనుకునే విధేయుడు.

ఇలాంటి విధేయులు మరోచోటా ఉన్నారు: అమెరికా విప్లవకాలంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన వలసవాసులను లాయలిస్టులంటారు. వారిలో సుమారు 60,000 మంది కెనడా, బ్రిటన్ మొదలైన చోట్లకు తరలిపోగా, భారతదేశంలో పాత ప్రభుత్వపు ఉద్యోగులు చాలావరకు తమ కుర్చీల్లోనే కొనసాగారు, వారితోపాటు 1894 నాటి కారాగారాల చట్టమూ 1947 తర్వాత అమల్లోనే మిగిలింది. కనుక ఆ జైలరు ప్రగల్భంలో కొంత నిజముంది. హాస్యం అతణ్ని వెర్రివాడిగా చూపి ప్రేక్షకుల మనసు తేలికపరుస్తుంది గాని, అతని అధికారానికి ఆధారమైన చట్టం జోలికి మాత్రం పోదు.