ఆనపబుర్ర మీద ఏం గీయాలి?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము సీతంపేట కొండల సవర పిల్లలం. హాస్టల్లో ఒకే రూములో నలుగురం. మా ఇళ్లలో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. పరీక్ష ఫీజులకి పనికొస్తుందని ఎండిన ఆనపబుర్రల మీద మైనంతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాం. బస్తర్‌లో మన అన్నదమ్ములు వేడి ఇనుముతో బుర్రని కాల్చి గీతలు వేస్తారు. మాకు మైనం వీలుగా ఉంది.

పని చెప్తాం, ఎవరైనా చేసుకోవచ్చు. కాయ తీగ మీదే ముదరాలి. తొడిమతో కోసి, గాలి తగిలేచోట నెలల తరబడి వేలాడదీయాలి. పైన బూజు పట్టిందని పారేయకండి. ఊపితే లోపల గింజలు గలగలమన్నాక, నీళ్లలో నానబెట్టి పైపొర గీకేయాలి. ఆ పొర ఉంటే రంగు పట్టదు. లోపలి పీచు తీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ముకి దగ్గొస్తుంది. తేనెపట్టు మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది, అందుకే వేడినీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. బాగా ఆరిన బుర్ర మీద ఆ మైనంతో బొమ్మ గీసి, చెక్క సామానుకి వేసే ఎర్ర రంగు పూయాలి. రంగు ఆరాక వేడిగాలి తగిలించి పాత గుడ్డతో తుడిస్తే మైనం పోతుంది. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు కాబట్టి ఎరుపులో లేత గీతలు తేలతాయి.

మొదటి బుర్ర తుడవగానే నలుగురం ఒకటే మాట అన్నాం, అచ్చం మన ఇంటి గోడలా ఉందని. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మే అది. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ బొమ్మ అలంకారం కోసం వేసేది కాదు. చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేస్తారు. చుట్టూ గీసే గడి వాళ్ల ఇల్లు. దాన్ని ఎవరి షోకేసుకో అమ్మొచ్చా? మాలోనే రెండు మాటలయ్యాయి. మనం గీయకపోతే ఇంకెవరో గీసి అమ్ముకుంటారని కొందరం. మనమే అమ్మేస్తే రేపు ఎవర్నీ అడగలేమని కొందరం. కొనేవాళ్లేమో చూడగానే "వర్లీయేనా?" అంటారు. వర్లీలు మహారాష్ట్రవాళ్లు, వాళ్ల బొమ్మ వాళ్లది.

ఊరెళ్లి తాతని అడిగాం. "చెట్టు, నెమలి, ఆడేపాడే మనుషులు మీరు రోజూ చూసేవే, గీసుకోండి. ఆ ఇల్లు మాత్రం మీది కాదురా" అన్నాడు.

అందుకని గడి లేకుండా గీస్తున్నాం. బుర్ర అడుగున 'సవర' అని రాస్తున్నాం. కోసిన ప్రతి బుర్ర గింజలూ దాచి ఊరికి పంపిస్తున్నాం. నీళ్లకి ప్లాస్టిక్ సీసా వచ్చాక ఈ కాయ నాటేవాళ్లే తగ్గిపోయారు.

మీ ఊళ్లో అమ్మకూడదని పెద్దలు చెప్పినవి ఏమున్నాయి? కామెంట్లో రాయండి. అడిగి తెలుసుకోడానికి ఇంకా పెద్దలున్నారు.

జై ఆదివాసీ.