హారోగేట్‌లో ఓ మారుపేరు

లీడ్స్‌లో రైలు మారి హారోగేట్‌లో దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు ఈ ఊరు గంధకపు నీటిబుగ్గలకు పేరుమోసింది. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఇక్కడికొచ్చి ఆ నీళ్ళు తాగి, స్నానాలు చేసి పోయేవారు. నేను వచ్చింది మాత్రం నీళ్ళ కోసం కాదు, ఓ హోటలు చూద్దామని.

దాని పేరు ఓల్డ్ స్వాన్. గోడలకు తీగ అల్లుకున్న పెద్ద రాతిమేడ. 1926 డిసెంబరులో ఇంగ్లండంతా వెతికిన మనిషి ఈ మేడలోనే కూర్చుని, పేపర్లో తన ఫోటో తానే చూసుకునే అవకాశం దక్కించుకుంది! ఆవిడే డిటెక్టివు నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ.

ఆ ఏడే ఆవిడ తల్లి పోయింది. ఆ దుఃఖం తీరకముందే భర్త ఆర్చీ, నాన్సీ నీల్ అనే ఆమెను ప్రేమించానన్నాడు, విడాకులడిగాడు. డిసెంబరు 3, శుక్రవారం రాత్రి, ఏడేళ్ళ కూతుర్ని ఇంట్లోనే వదిలి, ఆవిడ ఒంటరిగా కారెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న గిల్‌ఫర్డ్ దగ్గర న్యూలాండ్స్ కార్నర్‌లో, కొండవాలున, సుద్దరాళ్ళ గొయ్యి పక్కన కారు దొరికింది. అందులో బొచ్చుకోటు ఉంది, మనిషి లేదు!

పోలీసులు పొదలు గాలించారు. విమానాలు ఎగిరాయి. వేలకొద్దీ జనం సాయం వచ్చారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు, ఆధారాల జోలికి పోకుండా, ఆవిడ చేతితొడుగు పట్టుకెళ్ళి అతీంద్రియశక్తులున్నాయన్న ఒకాయనకు చూపించాడు! చిత్రమేమిటంటే, యార్క్‌షైర్‌లో ఓ స్నానాల ఊరికి వెళుతున్నానని ఆవిడ మరిదికి ఉత్తరం రాసే ఉంది.

డిసెంబరు 14న ఆవిడ ఇక్కడ బయటపడింది. హోటలు బాండు వాయించేవాళ్ళు గుర్తుపట్టారట. రిజిస్టరులో ఉన్న పేరు "మిసెస్ నీల్", ఊరు కేప్‌టౌన్. జ్ఞాపకశక్తి పోయిందని భర్త చెప్పాడు. డాక్టర్లూ అదే అన్నారు.

హాల్లో టీ తాగుతూ ఆలోచించాను. అన్నీ మరిచిన మనిషికి సవతి కాబోయేదాని ఇంటిపేరే ఎలా తట్టింది? పోనీ, భర్తను సాధించడానికేనంటే, ఆ ఉత్తరం ముందే ఎందుకు రాసింది? నవలలోనైతే చివరి పేజీలో పాయిరో అందర్నీ కూర్చోబెట్టి చిక్కు విప్పేవాడు. ఇక్కడ విప్పగలిగిన ఒక్క మనిషీ విప్పలేదు. 1928లో విడాకులయ్యాయి, ఆర్చీ ఆ నాన్సీనే పెళ్ళాడాడు. ఆవిడ 1976లో కన్నుమూసింది. మరుసటి ఏడు అచ్చయిన ఆత్మకథలో ఈ పదకొండు రోజుల ఊసే లేదు.

నాకైతే ఇంతే తోస్తుంది: మనసు విరిగిన మనిషికి ఒక్కోసారి తన పేరే బరువవుతుంది. ఎవరి కోసం తనను వద్దన్నారో, ఆ పేరు కాసేపు తొడుక్కుని చూసిందేమో!

రాత్రికి అక్కడే గది తీసుకున్నాను. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు, ఎందుకో గానీ, నా పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను.