గొట్టంలో దాగిన గుట్టు

పైకి చూస్తే అచ్చం త్రీనాట్‌త్రీ రైఫిలే. అదే బోల్టు, అదే బరువైన చెక్క. గొట్టంలోకి చూస్తేనే తేడా తెలిసేది. అసలు రైఫిల్‌కైతే లోపల ఎడమవైపు మెలితిరిగిన ఐదు గాడులుంటాయి. తూటాను గిర్రున తిప్పి గురికి పంపేవి అవే. ఈ గొట్టం మాత్రం లోపల నున్నగా ఉంటుంది. అరిగిపోయి కాదు... కావాలనే అలా చేశారు!

1857 తిరుగుబాటు తర్వాత భారతీయుల చేతికి మంచి ఆయుధమివ్వాలంటే తెల్లదొరలకు భయం. అందుకే బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో సైనిక రైఫిళ్లను పోలీసుల కోసం మార్చారు. 7.7 మిల్లీమీటర్ల గొట్టాన్ని 10.4కు తొలిచి గాడులు తీసేశారు. తూటాల అర మూసేశారు. ఇక ఒకసారికి ఒక్క తూటానే. దూరం తగ్గింది, గురీ తగ్గింది. అదే 410 మస్కెట్.

ఆ భయం ఉత్తిది కాదని మన్యం చెప్పింది. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా వెళ్తే రంపచోడవరం వస్తుంది. ఆ కొండల వెనక 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు తీసుకెళ్లింది. ఏమేం తీసుకున్నదీ రాజు స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం చేశారు. ఆ అక్టోబరులో రంపచోడవరం వెళ్లేసరికి అక్కడి ఆయుధాలను ముందే తరలించేశారు.

పాత తుపాకీ పుట్టుక చెప్పేవి దాని మీది ముద్రలే. చెక్క మడమ మొదట్లోని ఇనుప పట్టీ మీద కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం, రకం ఉంటాయి. గొట్టం మొదట్లో తనిఖీ గుర్తులు. బోల్టు మీది అంకె, గొట్టం మీది అంకె కలవకపోతే రెండు తుపాకుల భాగాలు కలిశాయన్నమాట. ‘డీపీ’ అని ఉంటే అది కవాతుకే. ఎన్‌సీసీలో చేరినవాళ్లకు ఆ అక్షరాలు గుర్తుండే ఉంటాయి.

అటక మీదో పాత ఇనుము కొట్లోనో ఇలాంటిది కనబడితే తోమడం, కోయడం కూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడి గొట్టానికైనా లైసెన్సు కావాలి. పోలీస్ స్టేషన్‌లో చెప్పడమే మేలు. కరిగిస్తే రెండు మూడు కిలోల ఇనుము వస్తుంది. ఏలేవాడు తన పోలీసునే ఎంత అనుమానించాడో చెప్పే ఆ నున్నటి రంధ్రం మాత్రం మళ్లీ దొరకదు.