అది నావైపు చూడలేదు

మా నూజెండ్లలో ఈత మగపిల్లల విద్య. ఎండాకాలం సెలవుల్లో అన్నయ్య, బాబాయి కొడుకులు ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని పొలం బావిలోకి దూకేవాళ్లు. ఆడపిల్లలం గట్టుమీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాసేవాళ్లం. ఆ బావిలో ఒక తాబేలు ఉండేది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని తాతయ్య ఎప్పుడో తెచ్చి వేశాడట. మోటారు ఆపి కాసేపు చప్పుడు చేయకుండా ఉంటే పైకొచ్చేది. ముక్కు మాత్రం బయటపెట్టి మళ్లీ కిందికి పోయేది. దాని వీపు నలుపో బూడిదరంగో ఇప్పుడు చెప్పలేను. బావిలో ఉన్నంతకాలం అది మంచిది. అదే ఇంటి గడప తొక్కితే మాత్రం ఇల్లు పాడైపోతుందని నాయనమ్మ చీపురు తీసేది. ఈ లెక్క నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు.

ఆ బావి ఇప్పుడు లేదు. బోర్లు పడ్డాక పూడ్చి, పైన కంది వేశారు.

కంది చేనంటే గుర్తొచ్చింది. దాన్నే తాకట్టు పెట్టి నాన్న నన్ను 2019లో డాక్టరు చదువుకు పంపాడు. నీట్‌లో నా ర్యాంకుకు గవర్నమెంటు సీటు రాదు, ప్రైవేటు సీటు మాకు అందదు. నరసరావుపేటలో కన్సల్టెన్సీ అతను బల్లమీద దేశాల పేర్లున్న కాగితం పెట్టాడు. చైనా, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, చివర్లో బార్బడోస్. నాన్న వేలు అక్కడే ఆగింది. "ఇది గార్నర్, మార్షల్ వాళ్ల ఊరు కదయ్యా" అన్నాడు. వెస్టిండీస్ ఆటను రేడియోలో విన్న తరం ఆయనది. ఒక ఆడపిల్లను ప్రపంచం అవతలి ఒడ్డుకు పంపడానికి ఇద్దరు ఫాస్ట్ బౌలర్ల పేర్లు ధైర్యమిచ్చాయి. నాకైతే ఆ దీవి మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియదు.

మొత్తం 431 చదరపు కిలోమీటర్ల దేశం. ఏ వైపు బస్సెక్కినా చివరికి సముద్రమే. పడమట కరీబియన్, తూర్పున అట్లాంటిక్. తూర్పు తీరానికి సర్గాసం అనే గోధుమరంగు నాచు కుప్పలుగా కొట్టుకొచ్చి కుళ్లేది. ఆ వాసనకు తలనొప్పి వచ్చేది. జడ్‌ఆర్ అనే తెల్ల వ్యాన్లు చెవులు పగిలే పాటలతో పరిగెత్తేవి. అందులో ఇరుక్కుని కూర్చుంటే వినుకొండ ఆటోలో ఉన్నంత నిశ్చింతగా ఉండేది నాకు.

మా ఇంటి ఓనరు రిటైరైన నర్సు. మేం ఆంటీ అనేవాళ్లం. మొదటి ఆదివారం ఆవిడ వరండాలో కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది. అక్కడ కందిగింజల్ని అన్నంతో కలిపి వండుతారు, అది వాళ్ల పండగ వంట కూడా. ఎవరూ చెప్పకుండానే నేను పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. నా వేళ్ల వేగం చూసి ఆవిడ ఆపేసింది. "నీకెవరు నేర్పారు?" అంది. మా ఊరి పంట అంటే ఒక పట్టాన నమ్మలేదు. చింతచెట్టు కూడా ఉందన్నాను. ఇక నేను అబద్ధాలకోరునని తేల్చుకుంది.

పొద్దున్నే ఆరు కాకముందే ముసలివాళ్లంతా సముద్రానికి పోయేవాళ్లు. ఈత కొట్టడానికని కాదు. నడుంలోతు నీళ్లలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి ప్రధానమంత్రి దాకా అన్నీ అక్కడే తేలుతాయి. దాన్ని వాళ్లు సీ బాత్ అంటారు. ఆంటీ నన్నూ లాక్కెళ్లింది. బ్రిడ్జ్‌టౌన్ పక్కన కార్లైల్ బే. నేను చుడీదార్‌తోనే దిగాను. చీలమండలు తడవగానే వెనక్కి నడిచాను. ఆవిడ నవ్వలేదు. "సముద్రానికి పెరటి తలుపు ఉండదు" అంది. ఆ దీవిలో పిల్లలకు చెప్పే సామెత అది. లోపలికి పోవడం తేలిక, ఇంకో దారిన బయటికి రాలేవు, కాబట్టి ముందు దాన్ని తెలుసుకో అని. భయపెట్టే మాటే. ఎందుకో నాకు అందులో భరోసా వినిపించింది.

తేలడం నేర్పింది ఆవిడే. నా తల కింద చెయ్యి పెట్టి ఆకాశం చూడమనేది. చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదటిమాట ఎప్పుడూ ఒకటే. "నీళ్ల దగ్గరికి పోమాకే." పోవట్లేదమ్మా అనేదాన్ని, జుట్టులోంచి ఉప్పునీళ్లు కారుతుండగా.

కార్లైల్ బే అడుగున పాత ఓడలున్నాయి. 1919లో మునిగిన బెర్విన్ అనే చిన్న టగ్ బోటు, 1942లో జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో దెబ్బ తిన్న కార్న్‌వాలిస్ ముక్కలు. టూరిస్టుల పడవలు అక్కడికే వచ్చేవి. ఓడలకంటే వాళ్లకు కావాల్సింది తాబేళ్లు. కొన్ని పడవల వాళ్లు చేపముక్కలు వేసేవాళ్లు. ఇంజను చప్పుడుకే తాబేళ్లు వచ్చేసేవి. వాటి చుట్టూ పసుపు, నారింజరంగు లైఫ్ జాకెట్లు, కేకలు, నీళ్లలో పెట్టిన ఫోన్లు. ఒకావిడ వేలు కొరికించుకుని ఏడవడం ఒడ్డునుంచి చూశాను. పచ్చ తాబేలు చిన్నప్పుడు అదీ ఇదీ తిన్నా, పెరిగేకొద్దీ సముద్రపు గడ్డికి అలవాటు పడుతుంది. ఆ గడ్డివల్లే లోపలి కొవ్వుకు పచ్చరంగు వచ్చి ఆ పేరు పడింది. అలాంటి జీవిని చేపముక్కలకోసం పడవ వెంట తిప్పుతున్నారు. నాకు అప్పట్లో ఇవేవీ తెలియవు. నేనూ ఆ గుంపులో దిగి ఒక ఫోటో తీయించుకుని మా ఊళ్లో స్నేహితురాళ్లకు పంపాలని ఉండేది. డబ్బుల్లేక దిగలేదు, అంతే.

2020 మార్చిలో కరోనా వచ్చింది. కర్ఫ్యూ పెట్టారు, బీచ్‌లు మూసేశారు. ఎయిర్‌పోర్టు ఖాళీ. దిగేచోటు లేని క్రూయిజ్ ఓడలు వరసగా దూరంగా నిలబడి రాత్రిళ్లు దీపాలతో వెలిగేవి. మా బ్యాచిలో కొందరు ఇంటికి వెళ్లిపోవాలని ఎంబసీలకు మెయిళ్లు పెట్టేవాళ్లు. నాన్న ఫోన్లో మిరపకాయల రేటు చెప్పి, గుంటూరు యార్డు మూసేశారని చెప్పి, చివర్లో "నువ్వు బాగున్నావుగా" అనేవాడు. అది ప్రశ్న కాదు.

బీచ్‌లు తిరిగి తెరిచినప్పుడు కొన్ని గంటలే అనుమతి. మా సీనియర్ ఒకతను ఊరెళ్తూ తన మాస్కు, స్నార్కెల్ గొట్టం నాకిచ్చాడు. పాత రబ్బరు వాసన. మొహం నీళ్లలో పెట్టగానే గుండె గొంతులోకొచ్చింది. ముక్కుతో పీల్చకూడదు, నోటితో పీల్చాలి. మనసుకు ఆ మాట చేరేలోపు మూడుసార్లు ఉప్పునీళ్లు తాగాను. తర్వాత ఒక శబ్దం వినపడింది. నా ఊపిరే. అనాటమీ పుస్తకంలో ఊపిరితిత్తుల గురించి అన్ని పేజీలు చదివాను గానీ, అవి అంత చప్పుడు చేస్తాయని అప్పుడే తెలిసింది.

తాబేలును మొదట రాయి అనుకున్నాను. ఇసుకమీద గడ్డి మొలిచిన చోట వంగి మేస్తోంది. ముందరి రెక్కల్లాంటి కాళ్లు రెండూ నేలకు ఆనించి, తల పక్కకు తిప్పి, ఒక్కో కుచ్చే తెంపుతోంది. డిప్పమీద నాచు, కుడిరెక్క అంచున పాత గాటు. డిప్ప మీద గోధుమరంగులో కిరణాల్లాంటి చారలు. నేను దానికి సరిగ్గా పైనే తేలుతున్నాను. నా నీడ దానిమీద పడింది. తల ఎత్తలేదు. కాసేపటికి పైకి లేచింది. నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నీళ్లు దాటి తల బయటపెట్టి ఒక్కసారి గాలి పీల్చింది. ఆ పీల్పు పెద్దమనిషి నిట్టూర్చినట్టు వినపడింది. మళ్లీ కిందికి దిగి వదిలేసిన చోటే మొదలుపెట్టింది.

దాని కన్ను నాకు కనపడింది. ఆ కన్ను నన్ను చూడలేదు. చూసినా లెక్కపెట్టలేదు.

అప్పుడు నాకు కలిగింది ఆనందమో మరేమిటో ఇప్పటికీ సరిగా చెప్పలేను. పుట్టినప్పట్నుంచి నన్ను ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. వీధి చివర అరుగుమీద వాళ్లు చూశారు. తాకట్టు పెట్టిన చేను చూసింది. ర్యాంకు వచ్చిందా, మార్కులెన్ని, బరువు తగ్గావేంటి, ఎప్పుడొస్తావు. ప్రేమతోనే చూశారు, కాదనను. కానీ సముద్రం నడుమ ఒక జీవి నన్ను ఏమీ అడగకుండా తన మేత తను మేసుకుంటుంటే, నా భుజాలు దిగాయి. దాన్ని ముట్టుకోవాలని గానీ ఫోటో తీయాలని గానీ అనిపించలేదు. అయితే ఇదంతా అప్పుడే అనుకున్నానా, తర్వాత ఇన్నేళ్లు తలుచుకుంటూ చేర్చుకున్నానా? కొంత చేర్చుకునే ఉంటాను.

ఆ సాయంత్రం ఆంటీకి చెబితే, ఆవిడ చిన్నప్పుడు తాబేలు మాంసం తినేదాన్నని మామూలుగా అంది. వాళ్ల మామయ్య వలేసి పట్టేవాడట. 1998లో అక్కడ తాబేళ్ల వేటను పూర్తిగా నిషేధించారు. యూనివర్సిటీవాళ్ల తాబేళ్ల ప్రాజెక్టుకు రాత్రీ పగలూ మోగే ఫోన్ ఉండేది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలు కనిపిస్తే జనమే ఫోన్ చేసేవాళ్లు. ఆంటీ ఫ్రిజ్ మీద ఆ నంబరు అంటించి ఉండేది. "రుచి బాగుండేది" అని కూడా అంది, ఫ్రిజ్ తెరుస్తూ.

2021 ఫిబ్రవరిలో మన దేశం నుంచి కోవిషీల్డ్ డోసులు వచ్చాయి. ఆంటీ టీకా వేయించుకుని వచ్చి, ఆ సీసా నేనే మోసుకొచ్చినట్టు నాకు థాంక్స్ చెప్పింది. వద్దనలేదు. ఏప్రిల్లో పక్క దేశం సెయింట్ విన్సెంట్‌లో లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలింది. 10వ తారీఖు పగలే మాకు చీకటి పడింది. గంధకం వాసన. మర్నాటికి ప్రతి ఆకుమీదా బూడిద. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్కన చెట్లు ఎలా ఉంటాయో అచ్చం అలా ఉంది వీధి. నీళ్లలో దిగగలిగేటప్పటికి ఎన్నాళ్లు పట్టిందో గుర్తులేదు. అడుగున ఏమీ కనిపించలేదని మాత్రం గుర్తుంది. నా మాస్కు ముందు బూడిదరంగు తెర. ఆ గాటు రెక్కది మళ్లీ కనపడిందా అంటే, ఒకసారి కనపడిందనే అనుకుంటాను. ఇంకో తాబేలు కూడా అయ్యుండొచ్చు.

ఆ ఏడాది నవంబరు నెల మాకు రెండు సంగతులు తెచ్చింది. విదేశీ వైద్యవిద్య మీద మన మెడికల్ కమిషన్ కొత్త నియమాలు. 54 నెలలు ఒకే చోట చదవాలట. ముందే చేరినవాళ్లకు వర్తించదని తెలిసేదాకా మా బ్యాచిలో ఎవరికీ నిద్రల్లేవు. 30న బార్బడోస్ బ్రిటన్ రాణిగారిని వదిలించుకుని రిపబ్లిక్ అయింది. ఆంటీ టీవీ ముందు కొత్త గౌను వేసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆ నియమాల పీడీఎఫ్ చదువుతున్నాను. ఒక రిపబ్లిక్ పుట్టిన రాత్రి నాకు గుర్తున్నది అందులోని ఒక క్లాజు.

నేను తిరిగి వచ్చేసరికి మా ఊరి జిల్లా మారిపోయింది, గుంటూరు పోయి పల్నాడు. విదేశాల్లో చదివినవాళ్లు రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష రాసి, ఇంటర్న్‌షిప్ ముగించి, ఇప్పుడు బాపట్లలో డ్యూటీ డాక్టర్ని. సూర్యలంక బీచ్ దగ్గరే. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొస్తాయి. ఇక్కడి నీళ్లు మట్టిరంగు. స్నార్కెల్ పెట్టినా సొంత చెయ్యే కనపడదు. నేను మన తాబేళ్లను చూసింది ఎక్కువగా చచ్చినవే. జనవరి, ఫిబ్రవరిల్లో ట్రాల్ వలల్లో చిక్కి, పైకొచ్చి గాలి పీల్చుకునే వీల్లేక చనిపోయి కొట్టుకొస్తాయి. వల మధ్యలో తాబేలు జారిపోయే కిటికీ లాంటి పరికరం ఉంది, టెడ్ అంటారు. అది అమర్చడం లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం మానేసింది.

మొన్న సంక్రాంతి తర్వాత ఇసుకలో ఒక కళేబరం చుట్టూ కుక్కలు తిరుగుతుంటే తోలుతున్నాను. వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి పలకరించాడు. అంతకుముందు ఆయన మనవరాలి జ్వరానికి మందు రాసింది నేనే.

"మేం వీటిని తినం డాక్టరమ్మా. చేతికి చిక్కితే దండం పెట్టి వదులుతాం. పెద్ద బోట్లవాళ్లది వేరే లెక్క" అన్నాడు. ఆ కిటికీ పెడితే రొయ్యలు కూడా కొన్ని జారిపోతాయని, ఆ నష్టం ఎవరు భరించాలని అడిగాడు. నేను బార్బడోస్ సంగతి చెప్పాను. వాళ్లు తినేవాళ్లని, పట్టి అమ్మేవాళ్లని, 1998లో మొత్తంగా ఆపేశారని.

ఆయన వల దులపడం ఆపాడు. "మరి పట్టేవాళ్లకు గవర్నమెంటు ఏమిచ్చింది?"

అన్నేళ్లు ఆంటీ వంటింట్లో కందికాయలు ఒలిచాను. ఆవిడ మామయ్య ఆ తర్వాత ఏం చేసి బతికాడో ఒక్కసారీ అడగలేదు. రాత్రికి ఫోన్ చేసి కనుక్కుని చెబుతానన్నాను. అక్కడ అప్పటికి పొద్దున్నే అవుతుంది, ఆవిడ సీ బాత్ నుంచి వచ్చాక చెయ్యాలి.