ఆ గ్లాసు ఎందుకు వేరుగా పెట్టాను?

వంటా, ఇల్లూ, చుట్టాలకు సేవా అన్నీ మనకు తెలుసనే అనుకుంటాం కదండీ! నేనూ అలాగే అనుకునేదాన్ని. మా పెద్దవదినకు జబ్బు చేసినప్పుడు నాకెంత తెలియదో తెలిసింది. నా తప్పే చెప్పుకుంటున్నాను. మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మూడేళ్ల కిందట వదినకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకోసారి కీమో ఎక్కించాలన్నారు. పల్లెటూరి నుంచి తిరగలేదని హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. సేవకు లోటు చెయ్యలేదు గానీ, వచ్చిన రోజే ఆమె కంచం, గ్లాసు వేరుగా పెట్టాను. పిల్లలున్న ఇల్లు, ఏమవుతుందోనని లోపల భయం. వదిన చూసింది, ఏమీ అనలేదు. తిన్న కంచం తనే కడుక్కుని కిటికీ కింద బోర్లించుకునేది.

కీమో వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది వెయ్యరు కాబట్టి భారమంతా రెండో చేతి మీదే. నరం దొరక్కపోయినా ఆమె విసుక్కునేది కాదు. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ చేతిమీద కాసేపు ఉంచి, "ఈ ఏడు మీ ఊళ్లో వరి ఎలా ఉందమ్మా?" అని మాటల్లో పెట్టేది. మొదటిరోజు ఎర్రమందు ఎక్కిస్తూనే, "ఇంటికెళ్లాక మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమని హడలిపోకండి, అది మందు రంగే" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆ రాత్రి నిద్రపోగలిగాం.

రెండోసారి వెళ్లినప్పుడు, నేను సంచిలోంచి రెండు గ్లాసులు తీసి ఒకటి వదినకిచ్చి, ఒకటి నా పక్కన పెట్టుకోవడం ఆమె చూసింది. నన్ను వరండాలోకి పిలిచి, "ఇంట్లోనూ ఇంతేనా అమ్మా?" అంది. తలవంచుకున్నాను.

"క్యాన్సర్ అంటుకోదమ్మా. కలిసి తిన్నా రాదు, పక్కన పడుకున్నా రాదు. మందెక్కిన రెండు రోజులు మాత్రం వాంతి అయిన బట్టలు గ్లోవ్స్ వేసుకుని ఉతకండి. ఒంట్లోంచి పోయే మందు మీ చేతులకు తగలకూడదని, అంతే. నిజానికి భయం మీ నుంచి ఆమెకే. ఒంట్లో తెల్లకణాలు తగ్గిపోతాయి కదా, మీ జలుబైనా ఆమెకు ప్రమాదమే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా తీసుకురండి. ఇక్కడికొచ్చేవాళ్లు సూదికి ఏడవరమ్మా, ఇంట్లో వేరుగా పెట్టారని ఏడుస్తారు" అంది. కోప్పడి ఉంటే అంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఆ సాయంత్రం కిటికీ కింది గ్లాసు తీసి మా గ్లాసుల్లో కలిపేశాను. వదిన కంగారుపడింది. "వద్దు వదినా, పిల్లలకేమన్నా అయితే! నాకూ అదే భయం, ఎవర్నీ అడగలేకపోయాను" అంది. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయంతో ఉన్నామన్నమాట! నర్సమ్మ చెప్పిందంతా చెప్పేసరికి ఇద్దరికీ కళ్లనీళ్లు ఆగలేదు. ఆ రాత్రి పక్కపక్కన కూర్చుని తిన్నాం.

ఆ తర్వాత వంటింటి పద్ధతీ మార్చాను. తాలింపు వాసనకు ఆమెకు వికారం వచ్చేది. అందుకని ఆమె స్నానానికి వెళ్లినప్పుడే పోపు పెట్టేసేదాన్ని. స్టీలు చెంచాతో ఇనుప రుచి అంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చాను. నోరు పూసినప్పుడు కారం, ఊరగాయ మానేసి, రాగిజావ, పెసరకట్టు, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టాను. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో నోరు పుక్కిలించమని చెప్పింది కూడా ఆ నర్సమ్మే.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటివాళ్లుంటే ఒక్క మాట. చూడ్డానికి వెళ్లి, "మా పిన్నిగారికీ ఇదే జబ్బు, పాపం పోయింది" అనకండి. పప్పు రుబ్బిపెట్టండి, బట్టలు మడతపెట్టండి, ఊళ్లో సంగతులు చెప్పండి. అనుమానముంటే నాలాగ లోపల దాచుకోకుండా డాక్టరునో, నర్సునో అడగండి.

వదిన ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే ఉంది. చెకప్‌కి వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగుతుంది. మంచినీళ్లు ఇచ్చేటప్పుడు, అప్పటి ఆమె గ్లాసు ఏదో ఇప్పుడు నేను కూడా గుర్తుపట్టలేను.