ఇంట్లో సైకిలు తొక్కేటప్పుడు నీరెంత? ఉప్పెంత?



ఈ వ్యాసం రాయడానికి కొంత సంకోచించాను. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, వేసవి వచ్చిందంటే చాలు "నీళ్ళు బాగా తాగండి" అని వేలమందికి చెప్పినవాణ్ణి. ఆ సలహానే కొలత లేకుండా పాటించి, నేనే ఆసుపత్రి మంచం ఎక్కాను. చెప్పుకోవడానికి గొప్ప విషయం కాదు. కానీ ఈ మధ్య మన నగరంలో ఇంట్లోనే సైకిలు తొక్కేవారు, జిమ్ములలో చక్రం కదలని సైకిలెక్కేవారు ఎక్కువయ్యారు. వారిలో ఒక్కరికైనా ఉపయోగపడితే నా సిగ్గు ఎటుపోయినా ఫరవాలేదు.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల నేను బీచ్ రోడ్డు నడక మానేశానని తెలిసి, రెండేళ్ళ క్రితం వచ్చినప్పుడు ఒక సైకిలు, దానికొక ట్రైనర్ కొనిపెట్టి వెళ్ళాడు. ట్రైనర్ అంటే వెనుక చక్రాన్ని ఒక ఇనుప చట్రంలో బిగించి, ఉన్నచోటనే తొక్కడానికి వీలుగా నిలబెట్టే పరికరం. శనివారం ఉదయం ఆరున్నరకు నేను ఇక్కడ, శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి వాడు అక్కడ, ఎదురుగా ఫోను తెర పెట్టుకుని కలిసి తొక్కుతాం. వారమంతా నేను ఎదురుచూసేది ఆ గంట కోసమే అంటే అతిశయోక్తి కాదు.

గత మే నెలలో ఒక శనివారం వాడు, "నాన్నగారూ, ఈవేళ గంటన్నర తొక్కుదామా? మీరు ఆపాలనుకుంటే ఆపేయండి" అన్నాడు. ఆ చివరి మాటే నన్ను ఆపనివ్వలేదు. ధూళి వస్తుందని కిటికీలు మూసి ఉన్నాయి. చప్పుడుకు మాటలు వినబడవని పంకా నెమ్మదిగా తిరుగుతోంది. చెమట మోచేతుల మీదుగా కారి నేలమీద మడుగు కట్టింది. పది నిమిషాలకొక గ్లాసు చొప్పున మంచినీళ్ళు తాగుతూ గంటన్నర పూర్తి చేశాను. దిగాక తూకం చూసుకోవడం నా అలవాటు. ఎక్కేముందు 68.2 కిలోలు, దిగాక 69.1. చెమటతో బనీను తడిసి ముద్దయినా బరువు పెరిగింది! తూనిక యంత్రం పాడయిందనుకున్నాను. పాడయింది నా విచక్షణ.

మధ్యాహ్నానికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. ఎండదెబ్బ కాబోలని మరో లీటరున్నర నీళ్ళు, ఒక కొబ్బరిబోండాం తాగాను. సాయంత్రం కళ్ళజోడు కనబడక ఇల్లంతా వెతికితే, అది ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది. మా ఆవిడ, "ఏమండీ, ఈవేళ ఏ వారం?" అని అడిగిందట. నేను జవాబు చెప్పకుండా మళ్ళీ మంచినీళ్ళు అడిగానట. ఆమె వైద్యం చదవలేదు. అయినా ఆ చూపులోనే ప్రమాదాన్ని గుర్తించి, పక్కింటి కుర్రాణ్ణి పిలిచి నన్ను కారెక్కించింది. రక్తపరీక్షలో సోడియం 124 వచ్చింది. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య.

రక్తంలో సోడియం ఇలా తగ్గడాన్ని హైపోనట్రీమియా అంటారు. శరీరంలో ఉప్పు తగ్గి, నీరు ఎక్కువైనప్పుడు ఆ నీరు కణాలలోకి చేరి అవి ఉబ్బుతాయి. మెదడు పుర్రె లోపల ఉంటుంది, ఉబ్బడానికి దానికి చోటు లేదు. అందుకే తలనొప్పి, వాంతి, తికమక, ముదిరితే మూర్ఛ. చిక్కేమిటంటే, తొలి దశలో ఈ లక్షణాలు నీరు తగ్గినప్పుడు వచ్చే లక్షణాల లాగే ఉంటాయి. చూసినవారు మరిన్ని నీళ్ళు పట్టిస్తారు, జబ్బు ముదురుతుంది. నా విషయంలో ఇంకొక తప్పు కూడా ఉంది. అంతకు మూడు వారాల ముందు రక్తపోటు కోసం వాడే థయజైడ్ మాత్ర మోతాదును, ఎవరినీ అడగకుండా, నా అంతట నేనే పెంచుకున్నాను. ఆ మాత్ర మూత్రంలో సోడియంను బయటికి పంపుతుంది, మిగులు నీటిని వదిలించుకునే శక్తిని తగ్గిస్తుంది. మాత్ర ఆపి, నీటిని నియంత్రించి, సోడియంను మెల్లమెల్లగా పైకి తెచ్చారు. తొందరపడి ఒక్కసారిగా పెంచితే మెదడుకు మరో ప్రమాదం. మూడు రోజులకు ఇల్లు చేరాను.

ఇది నా ఒక్కడి వింత అనుభవం కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉందని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. పరుగు పూర్తయ్యేసరికి బరువు పెరిగినవారికే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. నా తూనిక యంత్రం చెప్పిందీ అదే. నేనే వినలేదు.

ఇక, వీధిలో తొక్కడానికీ గదిలో తొక్కడానికీ తేడా ఏమిటో చూద్దాం. మన కండరాలు వాడుకునే శక్తిలో నాలుగో వంతు, లేదా అంతకంటే తక్కువ, చక్రం తిప్పడానికి పనికివస్తుంది. మిగిలినదంతా వేడి. 150 వాట్ల బలంతో తొక్కే యువకుడి శరీరం 450 వాట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. గదిలో చిన్న హీటరు వెలిగించినట్టే. వీధిలో గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఎదురుగాలి చెమటను ఆరుస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. చల్లబరిచేది ఆవిరయ్యే చెమటే గాని కారిపోయే చెమట కాదు. మూసిన గదిలో గాలి లేదు. పైగా మన విశాఖ సముద్రపు తేమ. చెమట ఆరదు కనుక శరీరం ఇంకా ఇంకా చెమర్చుతుంది. ఫలితంగా చల్లదనం దక్కదు, నీరూ ఉప్పూ మాత్రం పోతాయి. కనుక మొదటి మందు సీసాలో లేదు, పంకాలో ఉంది. కిటికీ తెరిచి, ఛాతీకి ఎదురుగా బల్లపంకా పెట్టుకుంటే కారే చెమట గణనీయంగా తగ్గుతుంది.

ఆసుపత్రిలో పడుకుని ఉండగా ఒక పాత దృశ్యం కళ్ళముందు మెదిలింది. 1980ల తొలినాళ్ళు. ఉక్కు కర్మాగార నిర్మాణం జరుగుతున్న రోజులు. నేను అప్పుడు గాజువాక వైపు ఒక చిన్న ప్రభుత్వ దవాఖానాలో పనిచేసేవాణ్ణి. ఒక మే నెల మధ్యాహ్నం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పాతికేళ్ళ కూలీని తోటివారు మోసుకొచ్చారు. పిక్కలు రాళ్ళలా బిగుసుకున్నాయి, పొట్ట చెక్కలా గట్టిపడింది. లోపల పేగుకు రంధ్రం పడిందేమో, వెంటనే శస్త్రచికిత్సకు పంపాలా అని నేను ఆలోచిస్తుంటే, మా ముసలి కాంపౌండరు, "డాక్టరు బాబూ, పొట్ట తరవాత చూద్దురు గాని, ముందు ఆడి చొక్కా చూడండి" అన్నాడు. నల్లచొక్కా వీపంతా తెల్లటి చారలు, పటం గీసినట్టు. అది ఆరిన ఉప్పు. ఆ మనిషి పొద్దుటినుంచి కుండలో నీళ్ళే తాగాడు, గంజి కూడా తాగలేదు. సెలైన్ ఎక్కించిన కొద్దిసేపటికే పిక్కలు సడలాయి, పొట్ట మెత్తబడింది. తరువాత పుస్తకాలు తిరగేస్తే, 1923లోనే మాస్ అనే పరిశోధకుడు ఇంగ్లండులో లోతైన బొగ్గుగనుల కార్మికుల తిమ్మిర్లకు ఇదే కారణాన్ని, ఉప్పు కలిపిన నీరే విరుగుడన్న సంగతిని రాశాడని తెలిసింది. నలభై ఏళ్ళ క్రితం ఒక కాంపౌండరు నేర్పిన పాఠాన్ని నా గదిలో, నా బనీను మీద చదవలేకపోయాను.

మన పెద్దలు ఈ లెక్కలు తెలియకుండానే దీన్ని పాటించారు. పొలానికి వెళ్ళేముందు ఉప్పువేసిన చోడి అంబలి, మధ్యాహ్నం తరవాణి, ఎండనపడి వచ్చినవారికి అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. వీటిలో నీరుంది, ఉప్పుంది, కొంత పిండిపదార్థమో చక్కెరో ఉంది. ఈ కూడిక యాదృచ్ఛికం కాదు. చిన్నపేగులో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళతాయని, వాటి వెంట నీరు వెళుతుందని ఆధునిక శాస్త్రం కనుగొంది. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జత ప్రయాణాన్ని ప్రతిపాదించాడు. 1971లో, నేను ఆంధ్ర వైద్య కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలితే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలమందిని కాపాడాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. మనం ఓ.ఆర్.ఎస్. అని పిలిచేది ఆ నీటినే.

అయితే ప్రతివారూ సైకిలెక్కగానే ఓ.ఆర్.ఎస్. పొట్లాం చింపనక్కరలేదు. అది విరేచనాలకు మందు. అరగంట, ముప్పావుగంట నిదానంగా తొక్కేవారికి దాహానికి తగినన్ని మంచినీళ్ళు చాలు. పోయిన ఉప్పును మన పప్పు, పచ్చడి మధ్యాహ్నానికే తిరిగి ఇచ్చేస్తాయి. అసలు మన ఇళ్ళలో ఉప్పు తక్కువేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటోంది. గంట దాటి, చెమట ధారగా కారేలా తొక్కేవారికే ఉప్పు విషయం వస్తుంది. లీటరు నీటిలో పావుచెంచా ఉప్పు, ఆరు చదును చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ రసం కలుపుకుంటే సరిపోతుంది. కొబ్బరినీరు మంచిదే గాని అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం.

ఎంత తాగాలి? దీనికి అందరికీ ఒకే లెక్క లేదు. గంటకు అరలీటరు చెమర్చేవారున్నారు, లీటరున్నర చెమర్చేవారూ ఉన్నారు. మీ లెక్క మీరే కట్టుకోవచ్చు. మూత్రవిసర్జన చేసి, పలుచని బట్టలతో బరువు చూసుకోండి. గంట తొక్కి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. ముందు 70 కిలోలు, తరువాత 69.4, మధ్యలో అరలీటరు తాగారు అనుకుందాం. తగ్గిన 600 గ్రాములు, తాగిన 500 కలిపితే మీ చెమట గంటకు సుమారు 1.1 లీటరు. పోయినదంతా అప్పటికప్పుడే నింపనక్కరలేదు. శరీర బరువులో 2 శాతం లోపు తగ్గితే ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు, మిగిలినది భోజనంతో పాటు నెమ్మదిగా భర్తీ అవుతుంది. బరువు పెరిగిందంటే మాత్రం మీరు ఎక్కువ తాగారు. అప్పుడు దాహం వేసేదాకా సీసా ముట్టవద్దు.

ఆహారం సంగతి. శరీరంలో గ్లైకోజెన్ రూపంలో కండరాలలో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా పిండిపదార్థం నిల్వ ఉంటుంది. గంటలోపు వ్యాయామానికి ఇది ధారాళంగా సరిపోతుంది. బరువు తగ్గాలని సైకిలెక్కి, ఎక్కాక తీపి పానీయాలు తాగడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమే. గంట నుంచి రెండున్నర గంటలు గట్టిగా తొక్కే యువకులకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, మధ్యలో ఒక అరటిపండు. ఖరీదైన పొట్లాలు లేకపోయినా లోటు లేదు.

కొందరు మాత్రం తమ వైద్యుణ్ణి అడగకుండా ఇవేవీ మొదలుపెట్టరాదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారు, గుండె బలహీనత లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ గాని గ్లైమిప్రైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహులు. ఈ చివరివారికి చక్కెర తొక్కేటప్పుడే కాదు, కొన్ని గంటల తరువాత, నిద్రలో కూడా పడిపోవచ్చు. నా వయసు వారికి మరో మాట. వృద్ధాప్యంలో దాహం మందగిస్తుంది, మూత్రపిండాలు మిగులు నీటిని త్వరగా వదలలేవు. తక్కువ తాగినా ముప్పే, ఎక్కువ తాగినా ముప్పే. మనకు తూకమే దారి. వ్యాయామం తరువాత తలనొప్పి, వాంతి, మాట తడబాటు కనిపిస్తే మరో గ్లాసు నీళ్ళు ఇవ్వకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళి సోడియం పరీక్ష చేయించండి.

ఆరు వారాల విశ్రాంతి తరువాత, మా వైద్యుడు సరేనన్నాక, మళ్ళీ సైకిలెక్కాను. ఇప్పుడు కిటికీ తెరిచి ఉంటుంది. ఎదురుగా బల్లపంకా, దాని చప్పుడుకు అబ్బాయి మాటలు సగమే వినబడతాయి. పక్కన అరలీటరు సీసా, తూనిక యంత్రం, గోడకు ఒక కాగితం. ఆ కాగితం మీద అంకెలు రాసేది మా ఆవిడ. నలభై అయిదు నిమిషాలు కాగానే ఆమె గుమ్మంలో నిలబడుతుంది. మా అబ్బాయి అక్కడినుంచి, "నాన్నగారూ, అమ్మ వచ్చింది, దిగండి" అంటాడు. నేను మారుమాట్లాడకుండా దిగుతాను.