నేలకు వాలు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. 70 దాటిన మా అమ్మ విషయంలో ఈ సామెత చెల్లదు. అందుకే చిల్పూరులో మా స్నానాలగది నేలకు గరుకు పింగాణీ పలకలు తెచ్చి, నేనే పరచబూనాను. "సంధులు చెప్పేవారు సందులు పూడ్చగలరా?" అని మా ఆవిడ నవ్వింది.

పింగాణీకి దాహం తక్కువ. 100 గ్రాముల పలక అర గ్రాముకు మించి నీరు తాగదు. అందుచేత ఉత్త సిమెంటు దాన్ని గట్టిగా పట్టదు. వేరే జిగురుపొడి కలుపుకోవాలి. పక్కింటి సుతారి రసమట్టం చేతికిచ్చి, "సారూ, గోడకు మట్టం, నేలకు వాలు" అన్నాడు. మీటరుకు సెంటీమీటరున్నర వాలు పెట్టాను. ఆరాక ప్రతి పలకా తట్టి చూశాను. డొల్లగా మోగితే కింద ఖాళీ అన్నమాట.

మూడోనాడు చెంబెడు నీళ్ళు కుమ్మరిస్తే చుక్క నిలవకుండా తూముకేసి పారాయి. అమ్మ గోడ పట్టుకోకుండానే లోపలికి నడిచింది.